వేట తూటాలు: నీలగిరి దిగువ అడవులు

నీలగిరి కొండల అడుగున, భవానీ నది ఒడ్డున ఉన్న పట్టణం మేట్టుపాళయం. చుట్టుపక్కల అడవుల్లో ఏనుగు, అడవిదున్న, పులి, కణితి, దుప్పి ఒకే ప్రాంతంలో తిరుగుతాయి. అందుకే 19వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన బ్రిటిష్ వేటగాళ్ళకు ఒక్క తుపాకీ చాలలేదు.

అప్పట్లో తుపాకీని గుండుతోనే కొలిచేవారు. పౌను సీసంతో దాని గొట్టానికి సరిపడే గుండ్లు ఎన్నొస్తే అది అన్ని బోర్లు. 12 బోరు గుండు సుమారు 38 గ్రాములు, 8 బోరుది 57, 4 బోరుది 113. దుప్పికి మెత్తటి సీసం చాలు. ఏనుగు పుర్రె మాత్రం గాలిగదులతో నిండిన మందపాటి ఎముక, మెదడు దాని వెనక చాలా లోతున ఉంటుంది. మెత్తటి గుండు దారిలోనే చదునైపోయేది కాబట్టి సీసంలో తగరమో పాదరసమో కలిపి గట్టిపరిచేవారు.

తర్వాత వచ్చిన ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ళ తూటా తేలిక, వేగం ఎక్కువ. జింకల మీద బాగా పనిచేసింది. అడవిదున్న భుజం మీద మాత్రం పైపైనే ముక్కలైపోయేది. గాయంతో పొదల్లో దూరిన దున్నను వెతకడమంటే ప్రాణాలతో చెలగాటమే. తూటా ఎంపికలో అసలు విషయం ఇదే: జంతువు గాయంతో తప్పించుకోకూడదు.

1890ల్లో పొగరాని కార్డైట్ మందు, లోహపు తొడుగు తూటాలు వచ్చాయి. ముక్కుదాకా తొడుగున్న 'సాలిడ్' ఏనుగుకు, ముక్కున సీసం బయటికున్న 'సాఫ్ట్ నోస్' పులికి, కణితికి. 1898లో రిగ్బీ కంపెనీ తెచ్చిన .450 (అంగుళాల్లో గొట్టం కొలత) తూటా 31 గ్రాములుండేది. 1907లో ప్రభుత్వం ఆ కొలతను భారతదేశంలో నిషేధించడంతో .470, .465 పుట్టుకొచ్చాయి. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ పులి గురించి రాసిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఎక్కువగా ఉండేది .405 వించెస్టర్.

వేట మీద అదుపు తొందరగానే వచ్చింది. 1873లో మద్రాసు ప్రభుత్వం అడవి ఏనుగుల రక్షణకు చట్టం చేసింది. 1877లో నీలగిరి గేమ్ అసోసియేషన్, 1879లో నీలగిరి వేట, చేపల సంరక్షణ చట్టం వచ్చాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఈ అడవుల్లో వేట నేరం.

అయినా కోయంబత్తూరు అడవి అంచుల్లో దొంగవేట ఆగలేదు. మేతలో పొదిగే నాటుబాంబును తమిళంలో అవుట్టుకాయ్ అంటారు. తూటాకున్న ఆ కొద్దిపాటి ఎంపిక కూడా దీనికి లేదు. అడవిపందికని పెట్టినదాన్ని ఏనుగు కొరుకుతుంది. దవడ పగిలి మేత, నీళ్ళు ముట్టలేక రోజుల తరబడి నరకయాతన పడుతుంది. ఇంతకన్నా క్రూరమైన వేట ఈ కొండలు చూడలేదు.