పానా పట్టిన చేతులు: పాత కార్లలో 'అసలు'ది ఏది?

పాత కార్లను ప్రేమించేవాళ్లలో రెండు వర్గాలున్నాయి. కారు ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చిన రోజున ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉండాలన్నది ఒక వర్గం పట్టుదల. రంగు, సీటు గుడ్డ, చివరికి నట్లు, బోల్టులు కూడా అప్పటివే కావాలంటారు వాళ్లు. రెండో వర్గం అదే కారుని కోసి, కప్పు దించి, పెద్ద ఇంజను బిగించి 'హాట్ రాడ్' చేస్తుంది. మొదటివాళ్లకి రెండోవాళ్లు విధ్వంసకులు. రెండోవాళ్లకి మొదటివాళ్లు కదలని బండికి కాపలా కాసేవాళ్లు. ఈ మగవాళ్ల గొడవ మనకెందుకు అనిపించవచ్చు. కానీ 'అసలు' అంటే ఏమిటి, దాన్ని మార్చే హక్కు ఎవరిది అన్న ప్రశ్నలు రాసే ఆడవాళ్లకి కొత్తవేమీ కాదు. అందుకే ఈ చరిత్రను మన వైపు నుంచి ఒకసారి చదవాలనుకున్నాను.

హాట్ రాడ్ పుట్టింది అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ కాలిఫోర్నియాలో. 1908 నుంచి 1927 దాకా ఫోర్డ్ కంపెనీ కోటిన్నరకు పైగా మోడల్ టి కార్లు తయారు చేసింది. 1932లో అదే కంపెనీ మామూలు జనం కొనగలిగే ధరకి వి-8 ఇంజను కారు తెచ్చింది. కొన్నేళ్లకి ఇవన్నీ చవగ్గా దొరికే పాత సామానయ్యాయి. చేతిలో పెద్దగా డబ్బులేని కుర్రాళ్లు వాటిని కొని, మడ్‌గార్డులూ బానెట్టూ ఊడదీసి, బరువు తగ్గించి, మొహావీ ఎడారిలోని ఎండిన చెరువుల మీద పందేలు వేసుకున్నారు. 1937లో ఆ పందేల నిర్వహణకి ఒక సంఘం ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లతో ఈ మోజు బాగా పెరిగి, 1948లో 'హాట్ రాడ్' అన్న పత్రికే మొదలైంది.

అటువైపు పాత కార్లను యథాతథంగా కాపాడే క్లబ్బులు కూడా ఆ కాలంలోనే బలపడ్డాయి. 1950లో కాలిఫోర్నియా సముద్రతీరాన పెబుల్ బీచ్‌లో మొదలైన కార్ల ప్రదర్శన సంపన్నుల వేడుకగా స్థిరపడింది. ఈ తగాదాలో వర్గం ఉందని ఇక్కడే తెలుస్తుంది. ఖరీదైన కారుని అలాగే ఉంచుకోగలగడం ఉన్నవాళ్ల సౌకర్యం, తుక్కుని బతికించుకోవడం లేనివాళ్ల నేర్పు. అయితే 1997లో అదే పెబుల్ బీచ్ హాట్ రాడ్‌లకి ప్రత్యేక విభాగం కేటాయించింది. ఒకనాడు కుర్రాళ్లు షెడ్డులో కోసిన బండిని, ఆ కోతలతో సహా, 'అసలు' రూపంలోకి తేవడానికి ఇవాళ లక్షల డాలర్లు ఖర్చు పెడుతున్నారు. కాలం గడిచి, డబ్బున్నవాళ్ల ఆమోదం దొరికితే మార్పు కూడా అసలైపోతుందన్నమాట!

మరి ఇందులో ఆడవాళ్లెక్కడ? ఉన్నారు. వేదా ఓర్ ఆ ఎండిన చెరువుల మీద మగవాళ్లతో సమానంగా 1932 ఫోర్డ్ నడిపిన మనిషి. యుద్ధకాలంలో ఆ సంఘం వార్తాపత్రికను నడిపించి సైన్యంలో ఉన్న సభ్యులకి పంపింది కూడా ఆవిడే. మగవాళ్లు యుద్ధానికి వెళ్లినప్పుడు వాళ్ల చరిత్ర చెదిరిపోకుండా పట్టుకున్నది ఒక స్త్రీ. తర్వాతి తరంలో షర్లీ మల్డౌనీ 1973లో అత్యంత వేగవంతమైన 'టాప్ ఫ్యూయల్' తరగతిలో లైసెన్సు పొందిన మొదటి మహిళ అయింది. 1977, 1980, 1982లలో ఆ తరగతి ఛాంపియన్‌షిప్ గెలిచింది.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1886లో కార్ల్ బెంజ్ పేరుతో పేటెంటు వచ్చిన మోటారు బండి తయారీలో ఆయన భార్య బెర్తా కట్నం డబ్బు ఉంది. 1888 ఆగస్టులో ఆమె భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకులతో ఆ బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. దారిలో ఇంధన గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. కొయ్య బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో తోలు కొట్టించింది. గుట్టలెక్కడానికి బండికి బలం చాలడం లేదన్న ఆమె అనుభవంతో తర్వాత ఇంకో గేరు చేరింది. బండిని నిజంగా దూరం నడిపిన మొదటి మనిషే దాన్ని మార్చింది. వాడేవాళ్ల చేతిలో మారకుండా ఏ బండీ పూర్తవదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ 1955లో డాడ్జ్ కంపెనీ ఆడవాళ్ల కోసమని తెచ్చిన 'లా ఫెమ్'. గులాబీ, తెలుపు రంగులు, రోజా మొగ్గల సీటు గుడ్డ, దానికి సరిపోయే రెయిన్‌కోటు, గొడుగు, హ్యాండ్‌బ్యాగు, అందులో లిప్‌స్టిక్ డబ్బా. యంత్రంలో మాత్రం తేడా లేదు. స్త్రీకి ఏం కావాలో అడక్కుండానే తేల్చేసిన ఈ కారు రెండేళ్లకే ఆగిపోయింది. ఇప్పుడు సేకర్తలు ఆ గొడుగూ బ్యాగూ మాయం కాకుండా ఉన్న 'అసలు' లా ఫెమ్ కోసం వెతుకుతుంటారు. దాన్ని కాపాడాలా, కోసి హాట్ రాడ్ చేయాలా? కాపాడాలనే నేనంటాను. మిగిలినవి చాలా తక్కువ. పితృస్వామ్యం మనల్ని ఎలా ఊహించుకుందో చెప్పే సాక్ష్యాన్ని మనమే చెరిపేయకూడదు. కోటిన్నర మోడల్ టిలలో ఒకదాన్ని కోసుకుంటే చరిత్రకి పోయేదేమీ లేదు.

కాబట్టి అసలు మేలా, మార్పు మేలా అన్నదానికి ఒకే జవాబు లేదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' విషయంలో ఇది మనకి తెలిసిందే. కొన్ని పద్యాలు తీసేసి అచ్చయిన ఆ కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో తెచ్చింది. అక్కడ అసలు కోసం నిలబడటమే తిరుగుబాటు. బెర్తా దగ్గర తోలుముక్క కొట్టించడం తిరుగుబాటు. ఏ వస్తువైనా, ఏ కావ్యమైనా మన ముందుకొచ్చినప్పుడు కోసింది ఎవరు, ఎవరి అవసరం కోసం, ఆ కోత గురించి ఎక్కడైనా రాసి ఉందా అని అడగాలి. మార్చినవాళ్లు తమ మార్పుని పేరుతో సహా రాసిపెట్టాలి. బెర్తా తోలు కొట్టించిన సంగతి గుర్తుండబట్టే ఇవాళ ఆమె పేరు చెప్పుకోగలుగుతున్నాం. ఇంకెంతమంది ఆడవాళ్లు బిగించిన మరలు ఇప్పటికీ 'ఫ్యాక్టరీ పనితనం'గా చలామణి అవుతున్నాయో వెతకాల్సిన పని మనదే.