రంగురంగుల లేబుళ్ళు ఎవరి కోసం? ఆరు చుక్కల వెనకున్న కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో బ్రెయిలీ లిపి చరిత్ర మాట్లాడుకుందాం. అయితే ప్యారిస్ వెళ్ళే ముందు హైదరాబాద్‌లో ఒక చిన్న గదిలోకి వెళ్ళొద్దాం.

నేను డిగ్రీ సెకండియర్‌లో ఉండగా చూపులేనివాళ్ళ కోసం పనిచేసే ఒక సంస్థలో ఆరు వారాలు ఇంటర్న్‌షిప్ చేశాను. నిజం చెప్పాలంటే సేవాభావం కాదు, క్రెడిట్ల కోసమే వెళ్ళా. పాఠాలు చదివి రికార్డ్ చేయడం, పుస్తకాలు స్కాన్ చేయడం, అంతే పని. మొదటి వారం ఒకరోజు ఖాళీగా ఉండి, అక్కడి బ్రెయిలీ పుస్తకాల రాక్ సర్దేశాను. ఆ పుస్తకాలు మామూలువాటిలా ఉండవు. కాగితం మందం, ఒక్క టెక్స్ట్‌బుక్కే కొన్ని వాల్యూమ్‌లు అవుతుంది. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి నీట్‌గా పేర్చి, ప్రతి అరకీ స్కెచ్ పెన్‌తో రంగురంగుల లేబుళ్ళు రాసి అంటించా. ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నా.

మర్నాడు లైబ్రరీ చూసే సార్ వచ్చారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. రాక్ మీద చెయ్యి పెట్టి ఆగిపోయారు. "ఎవరు నాన్నా సర్దింది?" అన్నారు. మెచ్చుకుంటారనుకుని, నేనే సార్ అన్నా. "పుస్తకాలు నిలబెట్టాలి. ఇలా పడుకోబెడితే కిందవాటి చుక్కలు నలిగిపోతాయి. సరే, ఏవో కాగితాలు అంటించావే, ఏం రాశావు వీటి మీద?" చదివి వినిపించా. "బాగుంది. నువ్వు వెళ్ళిపోయాక వీటిని ఎవరు చదువుతారు?"

నా దగ్గర సమాధానం లేదు. తర్వాత ఆయన ఖాళీ దొరికినప్పుడల్లా చెప్పిన చరిత్ర వింటే, నా తప్పు కొత్తదేమీ కాదని తెలిసింది.

1780లలో వాలెంటిన్ హాయీ అనే ఆయన ప్యారిస్‌లో చూపులేని పిల్లలకు బడి పెట్టాడు. చాలా మంచి మనిషి. మామూలు ఫ్రెంచి అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చు వేయించాడు. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది, టీచర్లకు సులువు. పిల్లలు మాత్రం ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పి పోల్చుకోవాలి. పుస్తకాలేమో పెద్దవి, బరువైనవి, కొద్దే. అన్నిటికంటే పెద్ద లోపం, ఆ పద్ధతిలో పిల్లలు సొంతంగా రాసుకోలేరు. అంటే అచ్చంగా నా స్కెచ్ పెన్ లేబుళ్ళే.

ఆ బడికి 1819లో పదేళ్ళ లూయీ బ్రెయిలీ వచ్చాడు. వాళ్ళ నాన్న గుర్రపు జీన్లు, తోలు సామాన్లు చేసేవాడు. మూడేళ్ళప్పుడు ఆ వర్క్‌షాపులో ఆరెలాంటి మొనదేలిన పరికరం కంట్లో గుచ్చుకుంది. ఇన్‌ఫెక్షన్ రెండో కంటికీ పాకి చూపు పూర్తిగా పోయింది.

చార్లెస్ బార్బియర్ అనే మాజీ సైనికాధికారి చుక్కలతో ఒక రాత పద్ధతి తయారుచేసి ఆ బడికి తెచ్చాడు. (నెపోలియన్ ఆజ్ఞ వేస్తే తయారైందని చాలా వీడియోల్లో చెప్తారు, దానికి గట్టి ఆధారం లేదు, వదిలేయండి.) అందులో ఒక గడికి పన్నెండు చుక్కల చోటు. వేలికొన కింద అంతా ఒకేసారి ఇమడదు. పైగా శబ్దాలే తప్ప స్పెల్లింగ్ లేదు. లూయీ దాన్ని ఆరు చుక్కలకు కుదించాడు, ఒక్క స్పర్శలో తెలిసేలా. 1824 నాటికి పదిహేనేళ్ళ కుర్రాడు. 1829లో పుస్తకంగా వచ్చింది.

ఇక హ్యాపీ ఎండింగే అనుకుంటున్నారా? కాదు. 1840లో వచ్చిన కొత్త డైరెక్టర్ డ్యుఫో ఈ చుక్కల్ని ఆపించేశాడు. చూపున్నవాళ్ళు చదవలేని లిపి ఎందుకు అన్నది చాలామంది టీచర్ల అభ్యంతరం. పిల్లలు దొంగచాటుగా రాసుకుంటూనే ఉన్నారు. 1844లో బడి కొత్త భవనం ప్రారంభోత్సవంలో అందరి ముందూ ఆ లిపిని ప్రదర్శించాక గాని డైరెక్టర్ మెత్తబడలేదు. లూయీ క్షయతో 1852 జనవరి 6న పోయాడు. ఫ్రాన్స్ అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. రెండేళ్ళు ఆలస్యం.

నాకు బాగా నచ్చింది మాత్రం లండన్ కథ. బ్రిటన్‌లో అప్పటికి రకరకాల ఉబ్బెత్తు లిపులు కొట్టుకుంటున్నాయి. 1868లో థామస్ ఆర్మిటేజ్ అనే డాక్టరు, చూపు దెబ్బతిని ప్రాక్టీసు మానుకున్నవాడు, మరి కొందరు చూపులేనివాళ్ళతో కలిసి ఒక సంఘం పెట్టాడు. ఏ లిపి మంచిదో తేల్చే కమిటీకి ఆయన పెట్టిన రూల్స్ చూడండి. సభ్యులు వేళ్ళతోనే చదివేవాళ్ళై ఉండాలి. కనీసం మూడు లిపులు వచ్చి ఉండాలి. ఏ లిపిలోనూ డబ్బు లాభం ఉండకూడదు. చూపున్న పెద్దమనుషులకు అక్కడ ఓటు లేదు! పరీక్షలన్నీ చేసి 1870లో బ్రెయిలీకి ఓటేశారు. ఈనాటి ఆర్‌ఎన్‌ఐబీ ఆ సంఘమే.

మన దేశంలోనూ ప్రాంతానికో పద్ధతి ఉండేది. 1951లో భారతీ బ్రెయిలీ ఖరారైంది. శబ్దాన్ని బట్టి చుక్కలు. తెలుగు 'క'కీ, హిందీ 'క'కీ, ఇంగ్లిష్ 'కె'కీ ఒకే గుర్తు. ఒత్తు కావాలంటే ముందు నాలుగో చుక్క పెడతారు. 'అమ్మ' రాయాలంటే అ, నాలుగో చుక్క, మ, మ. ఇప్పుడు మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే బ్రెయిలీ కీబోర్డ్ కూడా వస్తుంది. 2020లో ఇచ్చారు. అందులోనూ అవే ఆరు చుక్కలు.

సార్ నాకు స్లేటు, స్టైలస్ ఇచ్చి నేర్పారు. కాగితం వెనకనుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకి, అద్దంలో బొమ్మలా రాయాలి. నేను మామూలుగా రాసేసి ఇచ్చా. ఆయన వేలు పెట్టి నవ్వారు. "'మ' రాయమంటే 'శ' రాశావు నాన్నా." మూడు రోజులు పట్టింది చెయ్యి తిరగడానికి. ఐదో వారంలో పుస్తకాలన్నీ నిలబెట్టి, పాత లేబుళ్ళు పీకేసి, చుక్కలవి అంటించా. సార్ ఒక్కొక్కటీ తడిమి చదివారు. రెండు తప్పులు దొరికాయి. మళ్ళీ రాయించారు.