గడప దాటి వచ్చిన మొక్కలు

గోదావరి సీమలో మొక్క లేని ఇల్లు అరుదు. అయినా, ఇంటిలోపల ఏ మొక్కను పెట్టవలె నన్న ప్రశ్న మన తాతలకు కలుగలేదు. వారి మండువా లోగిలిలో నాలుగు వైపుల వసారాలు, నడుమ ఆకాశానికి తెరచిన మండువా ఉండేవి. వాన కురిస్తే నాలుగు చూరుల నీరూ ఇంటి నడుమనే దిగేది. ఎండ కాస్తే వెలుగూ అక్కడనే దిగేది. తులసికోటకు ఎండ కావలె గనుక దానిని ఆరుబయట కట్టినారు. కరివేప, అరటి, మల్లె, నందివర్ధనం పెరటిలో పెరిగినవి. మొక్క తనకు కావలసిన చోటనే ఉండేది. మనిషే దాని దగ్గరకు పోయేవాడు.

నేడు రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం పట్టణాలలో అంతస్తుల మీద అంతస్తులు లేచినవి. పెరడు పోయినది, మండువా పోయినది. మొక్క మీద మమకారం మాత్రం పోలేదు. సెలవునాడు కడియం పోయి, కళ్లకు నచ్చిన కుండీ నొకదానిని తెచ్చి సోఫా ప్రక్కన పెట్టుకొంటున్నాము. రెండు నెలలు తిరుగకుండా ఆకు రాలుతుంది. "మా చేతికి మొక్క బతకదండీ" అని ఇల్లాలు నొచ్చుకొంటుంది. దోషం ఆ చేతిది కాదు, ఎంపికది. ప్రతి మొక్కా తన పుట్టినింటి అలవాట్లను వెంట తెచ్చుకొంటుంది. ఆ పుట్టినిల్లు ఏదో తెలిసినవారికి ఎంపిక సులభం.

ఈ కథలో మొదటి ఘట్టం మన సామర్లకోటలోనే జరిగినది. స్కాట్లండు దేశీయుడైన విలియం రాక్స్‌బరో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసుకు వచ్చి, 1781లో సామర్లకోటకు చేరినాడు. అక్కడ తోట వేసి మిరియం, కాఫీ, దాల్చినచెక్క వంటివాటిని పెంచి చూచినాడు. చుట్టుపట్ల మొక్కలను సేకరించి, వాటి తెలుగు పేర్లను అడిగి వ్రాసుకొన్నాడు. దేశీయ చిత్రకారులను నియమించి బొమ్మలు వేయించినాడు. ఆ కృషి ఫలితమే 1795 నుండి లండనులో మూడు సంపుటాలుగా వెలువడిన "కోరమండల్ తీరపు మొక్కలు" అనే గ్రంథం. అందులో మూడువందల చిత్రపటాలున్నవి. గ్రంథకర్త పేరు లోకమంతటికీ తెలుసు. కుంచె పట్టిన మనవారి పేర్లు మాత్రం మనకు దక్కలేదు.

1793లో రాక్స్‌బరో కలకత్తా ఉద్యానానికి అధిపతిగా వెళ్లినాడు. 1810లో సిల్హెట్ నుండి స్మిత్ అనే ఆయన అతనికి ఒక బుట్టెడు తేనె పంపినాడు. బుట్ట చూడబోతే పేము బద్దలతో అల్లిన ముతక బుట్ట. అందులో తేనె ఎట్లు నిలిచినదా అని, ఖాళీ చేసి చూస్తే, లోపల ఏదో చెట్టుపాలు పూసి ఉన్నది. ఆరా తీయగా అది జయంతియా కొండలలో పెరిగే ఒక మహావృక్షపు పాలని తేలినది. ఆ వృక్షానికి రాక్స్‌బరో "ఫైకస్ ఎలాస్టికా" అని పేరు పెట్టినాడు. నేడు మన ముందుగదులలో దళసరి ఆకులతో నిగనిగలాడే రబ్బరు మొక్క అదే. మేఘాలయలో దీని ఊడలను మలచి వాగుల మీద సజీవ వంతెనలు కట్టుకొంటారు. అటువంటి చెట్టును చీకటి మూలన నిలిపి, ఎదుగలేదని నిందించుట న్యాయమా? దానికి కిటికీ ప్రక్క చోటు ఇవ్వవలె.

రాక్స్‌బరో కాలంలో ఓడ మీద మొక్క ప్రయాణమంటే సగం చావే. ఉప్పుగాలి, మంచినీటి కొరత వాటిని చంపేవి. 1829లో నతానియెల్ వార్డ్ అనే లండను వైద్యుడు ఒక పురుగు గూటిని మూత బిగించిన సీసాలో ఉంచినాడు. అందులోని తడిమట్టిలో ఫెర్ను మొక్క మొలచి, నీరు పోయకనే పెరిగినది. ఆవిరి అద్దానికి తగిలి మరల నేలకు జారుతున్నదని అతడు గ్రహించినాడు. 1833లో అట్టి అద్దాల పెట్టెలలో మొక్కలు సిడ్నీకి క్షేమంగా చేరినవి. ఆ తరువాత ఖండాల నడుమ మొక్కల రాకపోకలు పెరిగి, పొగచూరిన ఇంగ్లండు గదులలో కుండీలు పెట్టుట ఒక వేడుకగా మారినది. మన ఇండ్లకు వచ్చిన అలవాటులో ఆ వేడుక పాలు కొంత ఉన్నది.

ఇక కడియం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు కాలువ నీరిచ్చినది. ఒండ్రునేల, కాలువ నీరు, రైతుల చేతి నేర్పు కలిసి కడియం, కడియపులంక, బుర్రిలంక గ్రామాలను నర్సరీల సీమగా మార్చినవి. కడియపులంక పూల అంగడికి పెట్టినది పేరు. నర్సరీల విస్తరణను తలచుకొన్నవారు పల్ల వెంకన్నగారిని తలవక మానరు. దేశంలోని నలుమూలలకూ ఇక్కడి నుండి మొక్కలు లారీలలో పోతున్నవి.

అయితే ఆ నర్సరీలో మొక్క పెరిగినది తేమగాలిలో, పలుచని నీడవల క్రింద. మన గది దానికి పరదేశమే. కనుక ఎంపికలో మొదట చూడవలసినది వెలుగు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట లక్ష లక్సుల వెలుగుంటే, గది మూల నూరు కూడా ఉండకపోవచ్చును. మన కన్ను సర్దుకొంటుంది గనుక ఆ తేడా మనకు తెలియదు. నేనూ ఒకప్పుడు కిటికీలేని గదిలో బల్ల మీద రంగురంగుల క్రోటను నుంచి, రోజూ నీళ్లు పోసినాను. నెల తిరిగేసరికి పుల్ల మిగిలినది. మలుకా దీవుల వైపు ఎండలో పుట్టిన మొక్క అది. ఎండ లేనిదే దానికి రంగే లేదు.

పగటివేళ దీపం వేయక పత్రిక చదువగలిగిన చోట మనీప్లాంటు, అగ్లోనిమా చక్కగా బ్రతుకుతవి. మనీప్లాంటు పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవిది. చెట్ల నీడన ప్రాకుట దానికి పుట్టుక నుండి అలవాటు. అగ్లోనిమా ఆగ్నేయాసియా అడవుల నేలమీది మొక్క. నీరు పోయుట మరచేవారికి పశ్చిమాఫ్రికా నుండి వచ్చిన స్నేక్ ప్లాంటు, తూర్పు ఆఫ్రికాకు చెందిన జెడ్ జెడ్ మొక్క అనువైనవి. స్నేక్ ప్లాంటు మనకు కొత్త చుట్టమేమీ కాదు. మన తీరాన పెరిగే చాగ దాని దగ్గరి బంధువు. ఆ చాగనారతోనే పూర్వం వింటినారులు పేనేవారు. మడగాస్కరు నుండి వచ్చిన అరెకా పామ్‌కు కిటికీ వెలుగు, గాలిలో తేమ రెండూ కావలె.

తెచ్చిన మొక్కను రెండు వారాలు వరండా నీడలో ఉంచి, తరువాతనే లోపలికి తేవలె. డెల్టా ఒండ్రుమట్టి కుండీలో గట్టిపడి నీటిని పట్టి ఉంచుతుంది, వేరు కుళ్లుతుంది. కనుక మట్టిలో ఇసుక, కోనసీమ కొబ్బరి పొట్టు, మాగిన ఎరువు కలుపవలె. వేలు రెండు కణుపుల లోతున దింపి, తడి తగులనప్పుడే నీరు పోయవలె. ఎండి చచ్చిన కుండీ మొక్కల కన్న, ప్రేమకొద్దీ పోసిన నీటితో చచ్చినవే హెచ్చు.

పసిపిల్లలున్న ఇంట డైఫెన్‌బేకియాను చేతికందు చోట ఉంచరాదు. దాని ఆకులో సూదులవంటి ఆగ్జలేటు స్ఫటికాలున్నవి. కొరికితే నోరు, నాలుక మండి వాచును. మనీప్లాంటు, అగ్లోనిమాలలోనూ అవి ఉన్నవి గనుక జాగ్రత్త పడవలె. కుండీ క్రింది పళ్లెంలో నీరు నిలిస్తే డెంగీ దోమకు అదే చెరువు. కనీసం వారానికొకసారి పారబోసి, పళ్లేన్ని తోమవలె.

మరి గాలి శుభ్రపడుతుందా? 1989లో నాసా వారు బిగించిన చిన్న గదులలో చేసిన పరీక్షల నుండి ఆ ప్రచారం పుట్టినది. 2019లో వెలువడిన సమీక్ష ఒకటి అట్టి పరీక్షలన్నిటినీ లెక్కగట్టి, ఆ ఫలితం మామూలు ఇంట రావలెనంటే చదరపు మీటరుకు పది నుండి వెయ్యి మొక్కలు కావలెనని తేల్చినది. కిటికీ తెరచుటే మేలు. రాత్రి పడకగదిలో మొక్క మన ప్రాణవాయువును హరించునన్న భయమూ అట్టిదే. అది పీల్చేది అత్యల్పం.

కాబట్టి మొక్కను మందుగా కాక, అతిథిగా తెచ్చుకొందాము. అతిథి ఊరేదో, అలవాటేదో అడుగుట మన సీమ మర్యాద. కడియం వెళ్లినప్పుడు ధర అడుగుటకు ముందు ఆ ప్రశ్న అడుగండి. ఇంటి నడుమ ఆకాశం లేకపోయినా, ఇంట ఒక కిటికీ ఉన్నది. ఆ వెలుగుకు తగిన మొక్క తప్పక దొరుకుతుంది.