దినచర్య తెగిన బాలలు

1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరమందు లియో కానర్ అను బాలమనోవైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి ఒక వ్యాసమును ప్రకటించెను. ఆటిజం అని నేడు మనము పిలుచుచున్న స్థితిని స్పష్టముగా వర్ణించిన తొలి రచనలలో అది ముఖ్యమైనది. అందు ఒక బాలుని వృత్తాంతము కలదు. వాని కుటుంబము ఇల్లు మారుచుండగా, సామాను మోయువారు తన గదిలోని తివాచీని చుట్టుట చూచి ఆ బాలుడు తల్లడిల్లిపోయెను. క్రొత్త యింటిలో తన సామానంతయు వెనుకటి వరుసలోనే అమర్చియుండుట కంటబడువరకు వానికి శాంతి లేదు. కంటబడినంతనే వాని భయమంతయు తొలగిపోయెను. ఒక్కొక్క వస్తువు కడకు పోయి దానిని ప్రేమతో తట్టి చూచెను.

ఇల్లు మారుట పెద్దలకు కొన్నాళ్ల శ్రమ మాత్రమే. ఆ బాలునికి లోకమే తారుమారైనట్లు తోచెను. చూచినది చూచినట్లే యుండవలెనను తీవ్రమైన ఆకాంక్ష ఈ పిల్లల స్వభావమున ముఖ్య లక్షణమని కానర్ గుర్తించెను. ఈ చిన్న సంఘటనను మనస్సున ఉంచుకొన్నచో, 2020వ సంవత్సరమున అట్టి పిల్లలు ఏమి అనుభవించిరో గ్రహించుట సులభమగును. ఆ సంవత్సరమున మారినది ఒక ఇల్లు కాదు. బడి, వీధి, బస్సు, పార్కు, మనుష్యుల ముఖములు సయితము ఒక్కమారుగా మారిపోయెను.

ఆటిజం, నిలకడలేమియు అతి చాంచల్యమును లక్షణములుగా గల ఏ.డి.హెచ్.డి., మేధోవైకల్యము, చదువుట వ్రాయుటలయందలి ప్రత్యేకమైన ఇబ్బందులు మున్నగువానిని నేటి వైద్యులు నాడీవికాస లోపములను ఒక్క వర్గమున చేర్చుచున్నారు. ఇవి పెంపకమందలి దోషము వలన వచ్చినవి కావు. మెదడు ఎదుగు తీరులోని భేదము వలన బాల్యముననే పొడసూపు స్థితులివి. మన దేశమున 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టమును, 2016లో వికలాంగుల హక్కుల చట్టమును వచ్చిన పిమ్మట దానికి శాసనములలో స్థానము లభించెను. మేధోవైకల్యము గలవారి శిక్షణకై సికింద్రాబాదున జాతీయ సంస్థ 1984లో నెలకొన్నది. అనగా ఈ పిల్లలను లోకము ఆలస్యముగనే గుర్తించినది. మహమ్మారి కాలమందును అట్లే జరిగెను.

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా పేర్కొనెను. మార్చి 24వ తేదీ రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి ప్రసంగించి, ఆ అర్ధరాత్రి నుండియే 21 దినములు దేశమంతట ప్రజలు గడప దాటరాదని ప్రకటించెను. లాక్‌డౌన్ అని లోకులందరు పిలిచిన ఆ దిగ్బంధము మరల మరల పొడిగింపబడి మే 31 వరకు సాగెను. ఏప్రిల్ నాటికి ప్రపంచమున బడులు మూతపడి చదువు నిలిచిన విద్యార్థులు 150 కోట్లకు పైబడిరని యునెస్కో లెక్కించెను. వ్యాధి యెట్టిదో, ఎంత వేగమున వ్యాపించునో, మందేదో తెలియని ఆ దినములలో ప్రాణరక్షణకై ప్రభుత్వములు ఆ మార్గమును పట్టెను. దానిని ఇచట తప్పుపట్టుట లేదు. అయితే అందరికి ఒక్కటిగా విధించిన ఆజ్ఞ అందరిపై ఒక్కటిగా పనిచేయదు. చరిత్రకారుడు దానిని గమనింపక తప్పదు.

ఒక బాలుని ఊహింపుడు. వయస్సు తొమ్మిదేండ్లు. మాటలు కొద్ది. ఉదయము ఎనిమిది గంటలకు పసుపుపచ్చని బస్సు వచ్చును. మూడవ మలుపున ఒక కిళ్లీకొట్టు, దాని ప్రక్క వేపచెట్టు. మంగళ శుక్రవారములందు మాటలు నేర్పు ఉపాధ్యాయురాలు. సాయంకాలము పార్కులో ఎప్పుడును ఎక్కు ఆ ఉయ్యాలయే. ఈ వరుసయే వానికి గడియారము, పంచాంగము. మార్చి నడుమ బడి మూతపడెను. వాడు చెప్పులు తొడుగుకొని, సంచి తగిలించుకొని తలుపు కడ నిలుచుండెను. బస్సు రాలేదు. పది దినములు తిరుగకుండ పార్కును పోయెను. “రేపు వస్తుందిలే నాన్నా” అని తల్లి సముదాయించును. ఆ రేపు ఎన్నడు వచ్చునో ఆమెకును తెలియదు. కంటికి కానరాని క్రిమి యొకటి యున్నదని ఆ బిడ్డకు చెప్పుట యెట్లు? కనబడునది మూసిన తలుపు. దానిని తెరవనిది తల్లి. కనుక వాని కోపము ఆమెపైననే పడును.

ఇట్టి బాలలు ఎన్నియో ఇండ్లలో ఉండిరి. పలు దేశములలో తల్లిదండ్రులను విచారించిన పరిశోధకులు ఇంచుమించు ఒకే విధమైన సంగతులను వినిరి. నిద్ర చెడెను. ఆందోళన, చిరాకు, తన్ను తాను కొట్టుకొనుట వంటి ప్రవర్తనలు పలువురిలో హెచ్చెను. ఏండ్ల తరబడి శ్రమించి నేర్చిన పలుకులు, చేతిపనులు కొందరిలో వెనుకపట్టు పట్టెను. ఏ.డి.హెచ్.డి. గల పిల్లలకు పరుగెత్తు చోటు పోయెను. చదువునకు క్రమము పోయెను. తెరముందు గడపు సమయము మాత్రము పెరిగెను. మాటలు నేర్పువారు, ప్రత్యేక విద్య గరపువారు, దేహచాలనమునకు శిక్షణ ఇచ్చువారు ఎవరును ఇంటికి రాలేరు. నలుగురైదుగురు శిక్షితులు పంచుకొను భారము తల్లి యొక్కతెపై పడెను. వంటయు ఆమెదే, బడియు ఆమెదే, రాత్రి మేల్కొనుటయు ఆమెదే.

నాణెమునకు రెండవ ప్రక్కయు కలదు. కొందరు పిల్లలకు ఆ నెలలు ఊరటయే కలిగించెను. బడిలోని గోల, వెక్కిరింతలు, ఇరుకు బస్సు, తెల్లవారకముందటి తొందర అన్నియు తప్పిపోగా వారు శాంతముగా ఉండిరి. తండ్రి పగటివేళ ఇంటనుండుట కొందరికి తొలిసారి. ఆ పిల్లల నెమ్మది మన బడులను గూర్చి ఏమి చెప్పుచున్నదో ఉపాధ్యాయులు యోచింపవలసి యున్నది.

బడి మూతపడినచో పాఠము నింటికి పంపుట క్రొత్త ఉపాయము కాదు. రేడియో గల కుటుంబములకు ఈ కథ ప్రియమైనది. 1937 సెప్టెంబరులో అమెరికాలోని షికాగో నగరమున పోలియో వ్యాపించెను. బడులు తెరవలేదు. అప్పుడు నగర విద్యాధికారులు ఆరు రేడియో కేంద్రముల సాయముతో మూడవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల సుమారు 3,15,000 మంది పిల్లలకు పావుగంట పాఠములను ప్రసారము చేయించిరి. ఏ పాఠము ఏ వేళకో వార్తాపత్రికలు ప్రతిదినము అచ్చువేసెను. తల్లిదండ్రుల సందేహములకు ఉపాధ్యాయులు టెలిఫోనులో బదులు చెప్పిరి. అది ప్రశంసింపదగిన సాహసము. అయితే రేడియో పలుకగలదు గాని చూడలేదు. వినుచున్న బిడ్డ అర్థము చేసికొనెనో లేదో, ఆ గదిలో కూర్చున్నాడో లేచిపోయెనో దానికి తెలియదు. త్వరగా గ్రహింపగలవానికి ఆ పావుగంట చాలును. నిదానముగా నేర్చువానికి, ప్రక్కన నిలిచి చేయి పట్టుకొని చూపువాడు కావలెను.

ఎనుబది మూడేండ్ల పిదప మన చోటను ఆ కథయే పునరావృత్తమయ్యెను. తెలంగాణమున 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠములు ప్రసారమయ్యెను. ఆంధ్రప్రదేశమున దూరదర్శన్ సప్తగిరి పాఠములు వినిపించెను. లక్షలాది పిల్లలకు చదువు పూర్తిగా తెగిపోకుండ అవి కాపాడినవి. కాని ఉపాధ్యాయురాలి స్పర్శ, చూపు, ఓర్పులే పాఠముగా గల పిల్లలకు తెర చాలలేదు. ఫోనులో తల్లికి నేర్పి, ఆమె చేత బిడ్డకు నేర్పించిన ప్రత్యేక ఉపాధ్యాయులు ఆ కొరతను కొంతవరకు తీర్చిరి.

ప్రభుత్వములు ఈ బాలలను ఎప్పుడు గుర్తించెను? స్పెయిన్ దేశమున 2020 మార్చి 14వ తేదీన అత్యవసర స్థితి ప్రకటింపబడెను. పిల్లలు వీధిలోనికి రాకూడదు. అయిదు దినముల పిదప ఆరోగ్య మంత్రిత్వశాఖ ఒక ఉత్తరువు చేసి, ఆటిజం వంటి స్థితుల వలన నిర్బంధమున ప్రవర్తన వికటించువారు తోడుతో బయట నడువవచ్చునని అనుమతించెను. ఇంగ్లండులో వ్యాయామమునకు దినమున కొక్కసారి మాత్రమే బయటకు పోవచ్చునను నియమముండెను. ఆటిజం గల పిల్లల కుటుంబములు రెండు న్యాయమార్గమును పట్టిన పిమ్మట, ఏప్రిల్ 8వ తేదీన అట్టివారు ఒకటికంటె ఎక్కువ సార్లు పోవచ్చునని సవరించిరి. ఫ్రాన్సులో ఒక గంట సేపు, ఒక కిలోమీటరు దూరము అను హద్దులుండెను. ఏప్రిల్ 2వ తేదీ ప్రపంచ ఆటిజం అవగాహన దినము. ఆనాడే అధ్యక్షుడు మాక్రోన్ ఆటిజం గలవారికి ఆ హద్దులను సడలించినట్లు ప్రకటించెను. మన దేశమున మార్చి నెలాఖరున కేంద్ర వికలాంగుల సాధికారత శాఖ మార్గదర్శకములు పంపుచు, వికలాంగులను చూచుకొను సహాయకులు వారి కడకు చేరుటకు ఆంక్షల నుండి మినహాయింపు గాని, సులభముగా అనుమతి పత్రములు గాని ఈయవలెనని సూచించెను.

ఈ తేదీలను వరుసగా చూచినచో ఒక సంగతి తెలియును. మొదటి ఆజ్ఞ వ్రాసినప్పుడు ఈ పిల్లలు ఎవరి తలపునందును లేరు. ఆజ్ఞ వెలువడిన పిదప కుటుంబముల మొర వినబడగా మినహాయింపు వచ్చెను. దినములు కొద్దియే కావచ్చును. కాని వాడిన మాట నెరవేరని ఒక్క దినము కూడ ఓర్వలేని బిడ్డకు అవి కొద్ది కావు.

మినహాయింపు వచ్చినను కథ ముగియలేదు. స్పెయిన్ నగరములలో అనుమతి పొందిన తల్లులు బిడ్డల చేయి పట్టుకొని వీధిలో నడచుచుండగా, మేడలపై నుండి కొందరు ఇరుగుపొరుగువారు వారిని దూషించిరి. అందరు లోపల బంధింపబడి యుండగా వీరికి మాత్రము స్వేచ్ఛయా అని వారి కోపము. ఈ స్థితి ముఖమున కనబడునది కాదు. ఆ బిడ్డ తక్కిన పిల్లలవలెనే అగపడును. అందువలన కొన్ని కుటుంబములు పిల్లల చేతికి నీలిరంగు గుడ్డ కట్టసాగిరి. తిట్లు తప్పించుకొనుటకు ఒక గురుతు. ఇందులకు మరికొందరు తల్లిదండ్రులు ఒప్పుకొనలేదు. నా బిడ్డ నడచుటకు నేనేల ముద్ర వేయవలెనని వారి వాదము. రెండు పక్షముల బాధయు సత్యమే.

తలుపులు తెరచిన పిదపను కష్టము తీరలేదు. ఎంతో ప్రయాసతో ఇంటి వరుసకు అలవడిన బిడ్డ మరల బడి వరుసకు మారవలసి వచ్చెను. ముఖమునకు గుడ్డ తగులుట సహింపని పిల్లలు, పెదవుల కదలికను చూచి మాట నేర్చు పిల్లలు మాస్కుల లోకములో చిక్కుపడిరి. వికాసలోపములు గల పిల్లలకు మాస్కు నిర్బంధము చేయరాదని 2020 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థయు యునిసెఫ్‌ను సూచించినవి. ఇంకొక నష్టము కలదు. మాట ఆలస్యమైన బిడ్డను తొలుత గుర్తించునది పెక్కుసార్లు అంగన్‌వాడీ కార్యకర్తయో, బడి పంతులమ్మయో. ఆ కన్నులు నెలల తరబడి బిడ్డపై పడలేదు. వైద్యుని కడకు పోవుట ఆలస్యమైనకొలది శిక్షణయు ఆలస్యమగును.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించెను. మహమ్మారులు మరల రావని ఎవరును చెప్పజాలరు. మన 2016 చట్టము ఆపత్కాలములందు వికలాంగులకు ఇతరులతో సమానమైన రక్షణ కలుగవలెనని శాసించుచున్నది. సమానరక్షణ యనగా అందరికి ఒకే తాళము వేయుట కాదు. రాబోవు ఆజ్ఞ ఎట్టిదైనను దాని మొదటి ప్రతిలోనే ఈ పిల్లలకు ఒక వాక్యము ఉండవలెను. వారికి తోడుండు శిక్షకులకు అనుమతి పత్రము మొదటి దినముననే అందవలెను.

చట్టము చేయజాలని పని యొకటి మిగులును. అది మన వాకిళ్లలోనిది. నిర్మానుష్యమైన వీధిలో ఒక తల్లి, చెవులు మూసికొని నడచు బిడ్డ చేయి పట్టుకొని పోవుచుండగా కిటికీలోనుండి చూచువారు మనమే. ఆ వేళ మనము కేక వేయక, తెలిసినవారివలె చేయి ఊపినచో, ఆ తల్లి రేపును ఆ వేళకే, ఆ దారినే బిడ్డను తీసికొని రాగలదు. ఆ బిడ్డకు కావలసినదియు అదియే.