యేసు శోధన

బాప్తిస్మం తర్వాత యేసు యూదయ అరణ్యంలో 40 రోజులు ఉపవాసముండి అపవాది శోధనను ఎదుర్కొన్నాడని చెప్పే సువార్త ఘట్టం. మార్కు దీన్ని రెండు వచనాల్లో ముగించాడు. మత్తయి, లూకా నాలుగో అధ్యాయాల్లో వివరంగా రాశారు, అయితే చివరి రెండు శోధనల వరుస ఇద్దరిలో తారుమారైంది.

ఆకలితో ఉన్నవాడిని రాళ్లను రొట్టెలు చేసుకోమనడం, దేవాలయ శిఖరం నుంచి దూకమనడం, ఒక్క మొక్కుకు లోకరాజ్యాలన్నీ ఇస్తాననడం: ఇవీ ఆ మూడు ఎరలు. అసలు గురి మాత్రం వేరు. బాప్తిస్మం పొందినప్పుడు యొర్దాను ఒడ్డున పరలోక స్వరం యేసును ప్రియకుమారుడని పిలిచింది. అపవాది ఆ పిలుపునే పట్టుకుని, కుమారుడివైతే రుజువు చూపమంటాడు. యేసు ఏ మహిమా చూపడు. మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే జవాబిస్తాడు. విచిత్రమేమిటంటే, అపవాదికీ లేఖనాలు కంఠతా వచ్చు. 91వ కీర్తనను వల్లించేది అతడే!

తెలుగు బైబిల్లో వాడిన ‘శోధన’కు పరీక్ష, ప్రలోభం అనే రెండు అర్థాలూ సరిపోతాయి. మూలంలోని గ్రీకు మాటకూ ఆ రెండర్థాలున్నాయి.

సిస్టీన్ చాపెల్‌లో బొత్తిచెల్లి 1481–82లో వేసిన కుడ్యచిత్రంలో అపవాది సన్యాసి వేషంలో వస్తాడు. కొండమీది చివరి దృశ్యంలో గానీ ముసుగు జారి అసలు రూపం బయటపడదు. మిల్టన్ ‘పారడైజ్ రీగెయిన్డ్’ (1671) కావ్యానికీ ఈ ఘట్టమే వస్తువు.

సంప్రదాయం ఈ స్థలాన్ని యెరికో పక్కనున్న కురుంతుల్ కొండగా గుర్తిస్తుంది. కొండ చరియకు అతుక్కున్నట్టుండే గ్రీకు ఆర్థడాక్స్ మఠం అక్కడుంది. భస్మ బుధవారంతో మొదలయ్యే ఉపవాస దినాల లెక్క 40 కావడం ఈ అరణ్యవాసాన్ని తలచుకునే.