విపత్తు తర్వాత కరెంటు: అల్ ఖూజ్ నుంచి విశాఖ దాకా

దుబాయ్‌లో షేక్ జాయెద్ రోడ్డుకూ అల్ ఖైల్ రోడ్డుకూ నడుమ ఉన్న ప్రాంతం అల్ ఖూజ్. గోదాములు, కార్ల గ్యారేజీలు, వడ్రంగి షెడ్లు, పాత పాలరాతి ఫ్యాక్టరీ స్థలంలో వెలిసిన అల్సర్కాల్ ఎవెన్యూ ఆర్ట్ గ్యాలరీలు, వేల మంది తలదాచుకునే లేబర్ క్యాంపులు ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల్లో గల్ఫ్‌కు వెళ్లొచ్చిన వాళ్లకు ఈ పేరు కొత్త కాదు. దుబాయ్ విద్యుత్, జల సంస్థ 'దీవా' తన పర్యావరణహిత కార్యాలయాన్ని 2013లో ప్రారంభించింది కూడా ఇక్కడే. నగరాల విద్యుత్ నిర్వహణ పొదుపు కోసం మొదలై విపత్తు నుంచి కోలుకునే సాధనంగా ఎలా మారిందో, ఎక్కడ ఆగిపోయిందో చూడటానికి అల్ ఖూజ్ తగిన చోటు.

కరెంటు ఎక్కడ తయారవుతోంది, ఏ కేబుల్‌లో ఎంత పారుతోంది, ఏ ఇంట్లో ఎంత ఖర్చవుతోంది అన్నది సెన్సర్లు, మీటర్లు, కంప్యూటర్లతో ఎప్పటికప్పుడు తెలుసుకుంటూ సరఫరాను నడపడాన్నే స్మార్ట్ సిటీ ఇంధన నిర్వహణ అంటున్నారు. దీని మొదటి లక్ష్యాలు బిల్లు తగ్గించడం, నష్టాలు అరికట్టడం. తుపాను, వరద, భూకంపం వచ్చినప్పుడు కరెంటు ఎంత త్వరగా తిరిగొస్తుందన్న ప్రశ్న తర్వాత చేరింది. ఇప్పుడు మిగతా వాటన్నిటికంటే అదే ముఖ్యమైంది. ఎందుకంటే నీళ్ల మోటారు, ఆసుపత్రి, సెల్ టవర్, పెట్రోలు బంకు, అన్నీ కరెంటు వెనకే నడుస్తాయి.

దుబాయ్‌లో ఈ కథ 1959లో మొదలైంది. ఆ ఏడాది షేక్ రషీద్ బిన్ సయీద్ అల్ మక్తూమ్ దుబాయ్ ఎలక్ట్రిసిటీ కంపెనీని నెలకొల్పారు. 1992 జనవరి 1న ఆ కంపెనీనీ నీటి శాఖనూ కలిపి దీవాను ఏర్పాటు చేశారు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చేదీ, కరెంటు తయారుచేసేదీ చాలావరకు జెబెల్ అలీలోని ఒకే ప్రాంగణంలో కాబట్టి ఈ కలయిక సహజమే. అక్కడ ఒకటి ఆగితే రెండోదీ ఇబ్బందిలో పడుతుంది.

నగరానికి మొదటి గట్టి పాఠం 2005 జూన్ 9న ఎదురైంది. ఆ ఉదయం దుబాయ్ అంతటా కరెంటు పోయింది. జూన్ ఎండలో ఏసీలు, లిఫ్టులు, ట్రాఫిక్ సిగ్నళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. సరఫరా తిరిగి రావడానికి గంటలు పట్టింది. ఒంటరిగా నిలబడిన గ్రిడ్ పడిపోతే లేపడానికి పక్కనుంచి చెయ్యి అందదని అప్పుడు బాగా తెలిసొచ్చింది. మరుసటి ఏడాదే అబుదాబి, దుబాయ్ గ్రిడ్లు జాతీయ గ్రిడ్‌లో కలిశాయి. 2011లో దుబాయ్ ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశం, గల్ఫ్ దేశాల ఉమ్మడి గ్రిడ్‌కు అనుసంధానమైంది.

ఈ మధ్యలో అల్ ఖూజ్ తన వంతు ప్రమాదాన్ని చూసింది. 2008 మార్చి 26న బాణసంచా నిల్వ చేసిన ఒక గోదాములో పేలుడు జరిగి చుట్టుపక్కల గోదాములెన్నో తగలబడ్డాయి. ఇలాంటి చోట మంటలార్పేవాళ్లు నీళ్లు కొట్టేలోపు అక్కడి కరెంటు కట్ చేయాలి. అలాగని పేటంతా చీకటి చేయకూడదు, పక్క వీధిలో నీటి పంపు నడవాలి. ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఉంచాలో కచ్చితంగా తెలియడమే గ్రిడ్‌కు తెలివి ఉండటమంటే.

అల్ ఖూజ్‌లోని దీవా భవనం పొదుపు దశకు గుర్తు. 3.4 లక్షల చదరపు అడుగుల ఆ కట్టడానికి పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు దక్కింది. కప్పు మీద 660 కిలోవాట్ల సౌర ఫలకాలున్నాయి. మామూలు భవనాలతో పోలిస్తే కరెంటు 66 శాతం, నీరు 48 శాతం తక్కువ వాడేలా దాన్ని రూపొందించారు. ఆ భవనం తెరిచిన 2013లోనే ఎడారిలో మహమ్మద్ బిన్ రషీద్ సోలార్ పార్కు తొలి 13 మెగావాట్లు మొదలయ్యాయి. 2014లో దీవా 700 కోట్ల దిర్హమ్‌ల పెట్టుబడితో 2035 దాకా సాగే స్మార్ట్ గ్రిడ్ ప్రణాళికను చేపట్టింది. ముళ్లు తిరిగే పాత మీటర్లు పోయి కరెంటుకూ నీటికీ కలిపి 20 లక్షలకు పైగా స్మార్ట్ మీటర్లు వచ్చాయి.

మీటర్లు మారడం బయటికి కనిపించిన మార్పు. అసలు మార్పు నేల కింద, 11 కేవీ కేబుళ్లలో జరిగింది. గోదాముల వీధిలో ఏ గొయ్యి తవ్వేటప్పుడో జేసీబీ కేబుల్‌ను తెంపిందనుకుందాం. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ అవుతుంది, ఆ కేబుల్ (ఫీడరు) మీద ఉన్న కట్టడాలన్నీ చీకటవుతాయి. పాత పద్ధతిలో సిబ్బంది వ్యాన్ వేసుకుని లారీల రద్దీలో ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ గదికీ వెళ్లాలి. తాళం తీసి, ఫాల్ట్ సూచించే దీపం వెలిగిందా లేదా చూసి, వెలిగిన చివరి గదికీ వెలగని మొదటి గదికీ మధ్యనే తెగిందని తేల్చి, కంట్రోల్ రూముకు ఫోన్ చేయాలి. ఆ ముక్కను రెండు వైపులా విడదీశాక, రెండు వైపుల నుంచీ కరెంటు అందేలా రింగులా వేసిన ఆ కేబుల్ అవతలి కొస నుంచి మిగతా వాళ్లకు కరెంటు మళ్లిస్తారు. గంటా రెండు గంటలు ఇట్టే గడిచిపోయేవి. ఇప్పుడు ఆ దీపాల సమాచారం నేరుగా కంప్యూటర్‌కు చేరుతుంది. తెగిన ముక్కను విడదీసి, అవతలి కొస స్విచ్ మూసే పనిని అదే చేస్తుంది. దీవా వాడుతున్న ఆటోమేటిక్ గ్రిడ్ పునరుద్ధరణ వ్యవస్థ మనిషి జోక్యం లేకుండా రాత్రీ పగలూ నడిచేది ఇలాగే. కేబుల్‌ను అతికే పని మాత్రం చెమటోడ్చే మనుషులదే, కానీ అది జరిగేదాకా వీధంతా ఎదురుచూడనక్కర్లేదు.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. ఒక్కో వినియోగదారుడు ఏడాదిలో సగటున ఎన్ని నిమిషాలు కరెంటు లేకుండా గడిపాడన్నది విద్యుత్ సంస్థలు వాడే కొలమానం. దుబాయ్‌లో అది 2012లో 6.88 నిమిషాలు. 2023కు 1.06 నిమిషాలకు, 2024లో ఒక నిమిషం లోపుకు దిగింది. ప్రపంచంలోనే అతి తక్కువల్లో ఒకటి.

2024 అంటే వరద వచ్చిన సంవత్సరం కూడా.

ఆ ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో 1949లో రికార్డులు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ లేనంత వాన కురిసింది. అల్ ఐన్ దగ్గరి ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254.8 మిల్లీమీటర్లు పడింది. దుబాయ్ విమానాశ్రయంలో సాధారణంగా ఏడాది మొత్తం కలిపితే 94.7 మిల్లీమీటర్లు, ఆ ఒక్క వానలో 142 మిల్లీమీటర్లు నమోదైంది. షేక్ జాయెద్ రోడ్డు మీద కార్లు మునిగాయి. అల్ ఖూజ్ అంచునున్న ఆన్‌పాసివ్, ఈక్విటి సహా నాలుగు మెట్రో స్టేషన్లు మే నెల దాకా తెరుచుకోలేదు. కరెంటు సంగతికొస్తే నగర గ్రిడ్ కూలలేదు. అయినా దుబాయ్‌లో, షార్జాలోని అల్ మజాజ్ వంటి చోట్ల ఎన్నో భవనాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. నిమిషం లోపు సగటు ఉన్న ఊళ్లో రోజుల చీకటి! ఈ రెండూ ఒకే ఏడాదిలో నిజం కావడానికి కారణం బేస్‌మెంట్లలో ఉంది.

ఎత్తైన భవనాల్లో స్థలం ఖరీదు. అందుకని పార్కింగుతో పాటు ప్రధాన విద్యుత్ ప్యానెళ్లు, పైకి నీళ్లు ఎక్కించే మోటార్లు, ఫైర్ పంపులు చాలాచోట్ల కిందకే చేరతాయి. వీధిలో నీరు మోకాలి లోతు దాటితే కార్లు దిగే ర్యాంపే కాలువవుతుంది. నీరు ప్యానెల్ గదిలోకి వస్తుంటే వాచ్‌మనో మెయింటెనెన్స్ కుర్రాడో మెయిన్ ఆపేయాల్సిందే, లేకపోతే ప్రాణాలు పోతాయి. అక్కడితో ఏసీ, లిఫ్టు ఆగుతాయి, ముప్పయ్యో అంతస్తులో కుళాయి ఎండిపోతుంది. వీధి సబ్‌స్టేషన్‌లో మాత్రం అంతా సవ్యంగానే ఉంటుంది. కంట్రోల్ రూము తెర మీద ఆ ఫీడరుకు ఏ లోపమూ కనిపించదు. వాన వెలిశాక ట్యాంకర్లతో నీరు తోడాలి, ప్యానెళ్లు విప్పి కడిగి ఆరబెట్టాలి, మెగ్గర్ అనే పరికరం పెట్టి ఇన్సులేషన్ చూడాలి, పాడైన బ్రేకర్లు మార్చాలి. వాటిలో ఏ ఒక్కటీ సాఫ్ట్‌వేర్ చేసే పని కాదు. గ్రిడ్ తెలివి మీటరు దగ్గర ఆగిపోతుంది. అవతల ఉన్నదంతా భవన యజమాని బాధ్యత. నగరాల ప్రణాళికల్లో చాలా ఏళ్లుగా ఎవరూ సరిగా చూడని చోటు ఇదే.

లేబర్ క్యాంపులో ఈ లోపం ఇంకా కటువుగా తగులుతుంది. ఒకే గదిలో పలువురు, అందరికీ ఉమ్మడి వంటశాల. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధించిన దేశం అది. అలాంటి చోట ఏసీ ఆగిన గది విశ్రాంతికి పనికిరాదు. కరెంటు పునరుద్ధరణకు ఎవరెవరి కట్టడాలు ముందు వరుసలో ఉండాలో రాసుకునేటప్పుడు ఆసుపత్రుల పక్కనే ఈ క్యాంపులను చేర్చడం న్యాయం. పనిమనిషి, మేస్త్రీ, డ్రైవరు కోలుకుంటేనే నగరాన్ని శుభ్రం చేసే చేతులు బయటికొస్తాయి.

తెలుగు నేల మీద ఇదే పాఠం తలకిందులుగా నడిచింది. దుబాయ్‌లో స్మార్ట్ గ్రిడ్ ముందు, విపత్తు తర్వాత. విశాఖపట్నంలో విపత్తే ముందు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా నగరం మీదే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. స్తంభాలు వరసగా ఒరిగాయి, పెద్ద టవర్లు కూలాయి, విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది. ఇక్కడ చీకటికి కారణం మీటరు నుంచి ఇంటి వైపు కాదు, లైన్ల వైపే. ఇంటి వైరింగు బాగానే ఉంది, ఇంటికి తెచ్చే లైను లేదు. సెల్ టవర్లకు డీజిల్ లేక ఫోన్లు మూగబోయాయి, మోటార్లు ఆడక నీళ్లకు కటకట అయ్యింది. పక్క జిల్లాల నుంచీ, ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చిన లైన్‌మెన్ స్తంభం తర్వాత స్తంభం నిలబెట్టుకుంటూ వచ్చారు.

దెబ్బ తిన్న ఊరు మళ్లీ కట్టుకోవడంలో పాతదాన్ని పాతగానే నిలబెట్టలేదు. కొన్ని నెలల్లోనే 90 వేలకు పైగా వీధి దీపాలు కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ చేతుల మీదుగా ఎల్ఈడీలయ్యాయి. వాటిని ఒకచోటి నుంచే వెలిగించి ఆర్పే ఏర్పాటు వచ్చింది. 2015లో ప్రపంచ బ్యాంకు ఆమోదించిన 25 కోట్ల డాలర్ల రుణంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో విశాఖ కరెంటు లైన్లను భూగర్భంలోకి దించే పని ముఖ్యమైంది. 2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల జాబితాలో విశాఖ నిలిచింది. 2018లో ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. అయితే దుబాయ్ వరద చూశాక విశాఖ ఒకటి గమనించాలి. గాలికి భయపడి నేల కిందకు దించిన కేబుల్ వేరు, రోడ్డు పక్క నిలబెట్టిన స్విచ్ పెట్టె వేరు. ఆ పెట్టె దిమ్మె ఎత్తు వరద మట్టానికి పైన ఉండకపోతే ఒక ముప్పును తప్పించుకుని ఇంకో ముప్పుకు ఎదురెళ్లినట్టే.

సౌర ఫలకాల మీద కూడా జనంలో ఒక అపోహ ఉంది. దుబాయ్‌లో 2015లో మొదలైన 'షమ్స్ దుబాయ్' పథకంతో భవనాల కప్పులు విద్యుత్ కేంద్రాలయ్యాయి, అల్ ఖూజ్ గోదాముల వెడల్పాటి రేకులు దానికి బాగా నప్పుతాయి. కానీ గ్రిడ్ పోతే మామూలు సోలార్ ఇన్వర్టర్ తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే వాళ్లకు షాకు కొట్టకుండా పెట్టిన రక్షణ అది. బ్యాటరీ, విడిగా నడిచే స్విచ్ ఏర్పాటు ఉంటేనే కప్పు మీది ఎండ ఆపదలో అక్కరకొస్తుంది. జపాన్‌లోని సెందాయ్‌లో 2011 భూకంపం, సునామీ వచ్చినప్పుడు ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని మైక్రోగ్రిడ్ నగర గ్రిడ్ పడిపోయినా ఆసుపత్రికి కరెంటు అందించగలిగింది అలాంటి ఏర్పాటుతోనే. దానికి భిన్నంగా 2017లో మరియా హరికేన్ తర్వాత ప్యూర్టోరికోలో అందరి ఇళ్లకూ కరెంటు చేరడానికి దాదాపు ఏడాది పట్టింది.

వరద తర్వాత దుబాయ్ ముందు నీటి దారి వెతికింది. 2024 జూన్‌లో 3,000 కోట్ల దిర్హమ్‌లతో 'తస్రీఫ్' అనే వాననీటి కాలువల పథకాన్ని ప్రకటించింది. పారుదల సామర్థ్యాన్ని 700 శాతం పెంచే ఈ పని 2033 నాటికి పూర్తి కావాలి. హత్తా కొండల్లో 250 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రాన్ని దీవా వరదకు ముందే చేపట్టింది. పైనున్న జలాశయం నీటితో అది నిమిషంన్నరలో కరెంటు అందించేలా రూపొందింది. బేస్‌మెంట్‌లోని ప్యానెల్‌ను ఒక అంతస్తు పైకి మార్చే పనికి ఇంత పెద్ద పథకం అక్కర్లేదు. కావలసిందల్లా భవన నిబంధనల్లో ఒక షరతు, పాత కట్టడాల యజమానులకు ఒక గడువు.