పిల్లల మానసిక ఆఘాతం: మదింపు పద్ధతుల చారిత్రక పరిణామం

ఉపోద్ఘాతం

విపత్తుకు గురైన పిల్లల మానసిక స్థితిని తెలుసుకోవడానికి ఎవరిని ప్రశ్నించాలి? ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో పరిశోధకులు ఎక్కువగా తల్లిదండ్రుల మాటపైనే ఆధారపడ్డారు. పిల్లలనే ప్రశ్నించే పద్ధతి స్థిరపడిన క్రమాన్ని అమెరికాలో జరిగిన మూడు ఘటనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

తల్లిదండ్రుల సాక్ష్యం

1953 డిసెంబరు 5న మిసిసిపి రాష్ట్రంలోని విక్స్‌బర్గ్ పట్టణాన్ని టోర్నడో ధ్వంసం చేసింది. సినిమా చూస్తున్న పిల్లలు కూడా మరణించారు. ఈ ఘటనపై బ్లాక్, సిల్బర్, పెర్రీ 1956లో ప్రచురించిన అధ్యయనానికి తల్లిదండ్రులతో జరిపిన ముఖాముఖిలే ప్రధానాధారం. పిల్లల ప్రతిస్పందనకూ తల్లిదండ్రుల ప్రవర్తనకూ గల సంబంధాన్ని అది వెల్లడించింది. అయితే బిడ్డ బయటపెట్టని భయం ఈ పద్ధతికి అందదు.

పిల్లల మాట

1976 జులై 15న కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో దుండగులు పాఠశాల బస్సును అపహరించారు. అందులోని 26 మంది పిల్లలను, డ్రైవరును భూమిలో పాతిన ట్రక్కు పెట్టెలో బంధించారు. దాదాపు 16 గంటల తరువాత బందీలు తామే పైకప్పు తొలగించుకొని బయటపడ్డారు. శరీరాలపై పెద్ద గాయాలు లేకపోవడంతో పిల్లలు క్షేమమేనని అందరూ భావించారు. మనోవైద్యురాలు లెనోర్ టెర్ మరుసటి ఏడాదిలోపు 23 మంది పిల్లలతో స్వయంగా మాట్లాడి, 1979లో ఫలితాలను ప్రకటించారు. ఆఘాత ప్రభావం లేని బిడ్డ ఒక్కరూ కనిపించలేదు. అపహరణను పదేపదే ఆటగా ఆడడం, ముందే శకునాలు కనిపించాయని నమ్మడం, భవిష్యత్తు కుదించుకుపోయిందని భావించడం వంటి లక్షణాలను ఆమె నమోదు చేశారు.

ప్రశ్నావళి దశ

1984 ఫిబ్రవరి 24న లాస్ ఏంజెలెస్‌లో ఒక ప్రాథమిక పాఠశాల ఆటస్థలంపై కాల్పులు జరిగాయి. సుమారు నెల తరువాత రాబర్ట్ పైనూస్ బృందం 159 మంది విద్యార్థులను ఒకే ప్రశ్నావళితో పరీక్షించింది. ఆటస్థలంలో ఉన్నవారిలో లక్షణాలు అత్యంత తీవ్రంగా ఉన్నాయి. ప్రమాదానికి దూరమైన కొద్దీ అవి తగ్గాయి. ఎక్కువమంది పిల్లలలో తక్షణ సహాయం అవసరమైనవారిని గుర్తించే మార్గం దీనితో బలపడింది.

ముగింపు

అమెరికా మనోవైద్య సంఘం 1980లో ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతను గుర్తించింది. 1987 సవరణలో పిల్లల ప్రత్యేక లక్షణాలను చేర్చింది. 2013లో ఆరేళ్లు, అంతకు లోపు వయసువారికి వేరు ప్రమాణాలు రూపొందించింది. ప్రశ్నావళి చేసేది ప్రాథమిక వడపోత మాత్రమే. బిడ్డతో ఓపికగా సాగే సంభాషణ వల్లనే మదింపు పూర్తవుతుంది. బిడ్డ మౌనాన్ని ఆరోగ్యంగా భావించరాదన్నదే చౌచిల్లా అధ్యయనం మిగిల్చిన హెచ్చరిక.